మార్చిందేంటి, కొలిచిందేంటి?

సైకాలజీ ప్రయోగాల్లో మారే అంశాన్ని చరం (variable) అంటారు. స్వతంత్ర చరం, పరతంత్ర చరం దగ్గర తికమకపడుతున్నారా? ఏ ప్రయోగం చదివినా "వాళ్లు మార్చిందేంటి? కొలిచిందేంటి?" అని అడగండి. మార్చింది స్వతంత్రం, కొలిచింది పరతంత్రం.

ఉదాహరణకి 2006లో రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు చేసిన ప్రయోగం. విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ చదివారు, ఇంకో పాఠాన్ని చూడకుండా గుర్తున్నంత రాశారు. మార్చింది నేర్చుకునే పద్ధతి, కొలిచింది ఎంత గుర్తుందో. 5 నిమిషాలకైతే మళ్లీ చదివిన పాఠానిదే పైచేయి. వారానికి తారుమారైంది: రాసిన పాఠం 56 శాతం, మళ్లీ చదివిన పాఠం 42 శాతమే గుర్తుంది. (పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టేవాళ్లూ, విన్నారా!)

ఇక్కడే చాలామంది పొరబడతారు. 5 నిమిషాలా, వారమా అన్న గడువు కూడా వాళ్లు మార్చిందే. అంటే స్వతంత్ర చరాలు రెండు. ఏదీ మార్చకుండా ఉన్నదాన్నే కొలిస్తే మాత్రం అది ప్రయోగం కాదు.