కిలిమంజారో మొదటిసారి వెళ్తున్నారా?

తాళ్లతో పని లేదు, ఉత్త నడకే కదా అని మనవాళ్లు కొందరు మొదటి ట్రెక్కే ఆఫ్రికాలోని కిలిమంజారో పర్వతం పెట్టుకుంటారు, కానీ దాని ఎత్తు 5,895 మీటర్లు, అక్కడ గాలిలో ఆక్సిజన్ చాలదు. శిఖరానికి ముందున్న ఆఖరి మజిలీ బరాఫు క్యాంపు నుంచి అర్ధరాత్రి బయల్దేరే ముందే, ఎన్నింటికి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలో గైడ్‌తో అనేసుకోండి, పైకెళ్లాక బుర్ర సరిగ్గా పనిచేయదు. కాస్త తలనొప్పి మామూలే. అంతకు మించి ఎత్తు ఒంటికి పడట్లేదేమో తెలియాలంటే, మడమకి బొటనవేలు ఆనిస్తూ గీత మీద నడిచినట్టు పది అడుగులు వేసి చూడండి. తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే దిగిపోవాలి, తెల్లారనిద్దాం అని కూడా ఆగొద్దు. ఒంటరిగా మాత్రం దిగకండి. వెనక్కి పంపేస్తే కట్టిన డబ్బులు పోతాయని వాంతుల సంగతి గైడ్ దగ్గర దాచేవాళ్లుంటారు (నేనూ దాచాను), అతనికి తెలియకపోతే ఆపేదెవరు?