వానాకాలంలో జంతువులకు యాంటీబయాటిక్ వాడుతున్నారా? ఈ జాగ్రత్తలు తప్పనిసరి

తొలకరి పడిందంటే విజయవాడ, గుంటూరు వీధుల్లో కుక్కలకు గోమార్లు పడతాయి, వాటి వెంట టిక్ ఫీవర్ వస్తుంది. చుట్టుపక్కల పల్లెల్లో గేదెలకు గురకవ్యాధి, పొదుగువాపు మొదలవుతాయి. డాక్టరు చీటీ రాసిచ్చాక మందు వేయాల్సింది ఇంట్లోవాళ్లే. తప్పులు ఎక్కువగా జరిగేదీ అక్కడే.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందే బరువు చూసుకోండి. డోసు కిలోల లెక్కన కడతారు కాబట్టి ఉజ్జాయింపుగా చెప్పొద్దు. కుక్కను ఎత్తుకుని కాటా మీద నిలబడి, అందులోంచి మీ బరువు తీసేస్తే సరిపోతుంది. ఇంతకుముందు ఏ మందైనా పడకపోయి ఉంటే, చూలుతో ఉంటే, ఇప్పటికే వేరే మందులు వాడుతుంటే అవన్నీ చెప్పాలి.

మందుల షాపులో చీటీనీ, సీసానీ పక్కపక్కన పెట్టి చూడండి. అమాక్సిసిలిన్–క్లావులనేట్ సిరప్‌లో 5 మి.లీ.కి 228.5 మి.గ్రా. ఉండేది ఒకటి, 457 మి.గ్రా. ఉండేది ఇంకొకటి దొరుకుతాయి. మొదటిది లేదని రెండోది ఇస్తే, అదే 3 మి.లీ. పోసినా రెట్టింపు మందు పడుతుంది. పొడి సీసా అయితే ముందు తట్టి పొడిని వదులు చేసి, కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి బాగా కలపాలి. కలిపాక ఫ్రిజ్‌లో పెట్టి, లేబుల్ మీద చెప్పిన రోజుల్లోనే వాడాలి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలప్పటిలా రోజుల తరబడి కరెంటు లేకపోతే ఆ సీసా పనికిరాదు. కొత్తది తెచ్చుకోండి. ఇదే మందు టాబ్లెట్లకు చెమ్మ తగిలితే బలం పోతుంది కనుక ఏ పూట టాబ్లెట్‌కు ఆ పూటే రేకు చించాలి.

ఒక జంతువుకు రాసిన మందు ఇంకోదానికి వేయకండి. ఇక్కడ ప్రాణాలే పోతాయి. కుక్కకు నిక్షేపంగా పనిచేసే అమాక్సిసిలిన్ కుందేలుకో గినీ పిగ్‌కో నోటి ద్వారా ఇస్తే, పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి విషం పుట్టించేవి పెరిగిపోతాయి. విరేచనాలు పట్టుకుని కొద్ది రోజుల్లోనే చనిపోవచ్చు. పిల్లికి ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రోజుకు కిలోకు 5 మి.గ్రా. దాటితే చూపు పోయే ప్రమాదముంది. ఎదిగే కుక్కపిల్లల్లో అదే మందు కీళ్ల మృదులాస్థిని దెబ్బతీస్తుంది. జ్వరం కూడా ఉంది కదా అని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ కలిపారో, పిల్లి బతకడం కష్టం.

టిక్ ఫీవర్‌కు ఎక్కువగా రాసే డాక్సీసైక్లిన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మనవాళ్లు మాత్రను పెరుగన్నంలో కలిపి పెడుతుంటారు. పాలు, పెరుగు, కాల్షియం టానిక్, ఐరన్ సిరప్ ఈ మందును పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. ఉడికించిన చికెన్ ముక్కలోనో ఇడ్లీ ముక్కలోనో పెట్టి మింగించవచ్చు. ఈ మాత్ర గొంతులో ఇరుక్కుంటే అన్నవాహిక పుండవుతుంది. పిల్లుల్లో ఆ పుండు మానాక దారే సన్నబడిపోయి తిండి దిగదు. అందుకే మాత్ర మింగిన వెంటనే సూది లేని సిరంజితో 5–6 మి.లీ. నీళ్లు తాగించాలి. సిరంజిని బుగ్గకూ పళ్లకూ మధ్య పెట్టి కొద్దికొద్దిగా వదలండి. తల పైకెత్తి గొంతులోకి గుమ్మరిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కోర్సు సాధారణంగా 28 రోజులు. నాలుగో రోజుకే కుక్క లేచి తోక ఊపినా మందు ఆపడానికి లేదు.

ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేయండి. తర్వాతి డోసు వేళ దగ్గరపడితే వదిలేయాలి, రెండూ కలిపి మాత్రం వేయకూడదు. వేసిన కాసేపటికే కక్కేస్తే మళ్లీ వేయాలా వద్దా అన్నది డాక్టరును అడగండి.

పాడి పశువుల సంగతి వేరు. పెద్ద గేదెకు నోటి ద్వారా యాంటీబయాటిక్ పోస్తే మేత అరిగించే సూక్ష్మజీవులు చచ్చి నెమరు ఆగిపోతుంది. అందుకే ఎక్కువగా ఇంజక్షనే ఇస్తారు. వేరే మందు గొట్టంతో తాగించాల్సి వచ్చినా మూతి కళ్ల ఎత్తు దాటకుండా పట్టుకోవాలి, దగ్గిందంటే వెంటనే వదిలేయాలి. పొదుగువాపుకు ఒక్క చన్నులోనే ట్యూబు ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ పక్కన పారబోయాల్సిందే. ఎన్నాళ్లన్నది లేబుల్ మీద ఉంటుంది. లేకపోతే 2012లో సవరించిన ఔషధ నిబంధనల ప్రకారం ఆఖరి డోసు తర్వాత పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. కాచినంత మాత్రాన మందు పోదు. ఆ పాలు సరిగా తోడుకోవు, పెన్సిలిన్ పడని మనిషి తాగితే దద్దుర్లు వస్తాయి. వాటిని పాలకేంద్రానికి పోయకండి, దూడకూ పట్టకండి. మందు వేసిన తేదీ, ఆఖరి డోసు వేసిన పూట చావిట్లో గోడ మీద సుద్దతో రాసి పెడితే పాలు పితికే ఎవరికైనా తెలుస్తుంది.

మిగిలిన మాత్రలు ఇంకోసారికి పనికొస్తాయని దాచకండి, బందరు కాలువలోనో రైవస్ కాలువలోనో వేయకండి. మందు పడిన కాసేపట్లో మూతి వాచినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడక కూలబడినా ఇక మందు వేయకుండా, సీసా లేదా స్ట్రిప్ చేత్తో పట్టుకుని ఆసుపత్రికి బయల్దేరండి. కదల్లేని పశువైతే పశు అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేసి మందు పేరు, ఎంత వేశారు, ఎన్ని గంటలకు వేశారు అన్నది చెప్పండి.