సూపర్ హీరో సినిమాల్లో కంటికి తప్పిపోయే సంగతులు: వాటిపై మంచి జోకు కట్టే పద్ధతి

సూపర్ హీరో సినిమా మీద మంచి జోకు వేయాలనుకునేవారు మొదట చేయవలసిన పని, అందులోని అసాధ్యాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం. మనిషి గాలిలో ఎగరలేడు కదా, సాలీడు కుడితే గోడలెక్కే శక్తి రాదు కదా అని నవ్వితే మాట అక్కడితో అయిపోతుంది, ఎందుకంటే ఆ సంగతి టికెట్టు కొన్న ప్రతివారికీ ముందే తెలుసు. ఎగరగలడని ఒప్పుకున్న తర్వాత, అంత వేగంతో వచ్చి ఎదుటి మనిషిని పట్టుకుంటే ఆ మనిషి ఎముకలు ఏమవుతాయి, మార్చుకున్న చొక్కా ప్యాంటూ ఎక్కడ దాచాడు, కూలిన భవనాల శిథిలాలు ఎవరు ఎత్తిపోశారు అని అడగడంలోనే అసలు సరదా ఉంది. శక్తిని నమ్మాలి, ఆ శక్తి చుట్టూ ఉన్న మామూలు లోకాన్ని ప్రశ్నించాలి.

ఇక చూడటం ఎలాగో చెప్పుకుందాం. మొదటిసారి సినిమాను సినిమాగానే చూడాలి, తప్పులు వెతకడానికి కూర్చుంటే కథ పోతుంది, కథ పోయాక జోకూ రాదు. రెండోసారి, ఓటీటీలో ఆపుకొంటూ చూసే వీలు దొరికినప్పుడు, హీరో ముఖం మీద నుంచి చూపు తప్పించి ఫ్రేము అంచుల వైపు, గోడ గడియారం వైపు, కిటికీలోంచి పడే వెలుగు వైపు మళ్లించాలి. వెలుగు గురించి ఎందుకు చెబుతున్నానంటే, 2012లో వచ్చిన 'ది డార్క్ నైట్ రైజెస్' అనే బ్యాట్‌మ్యాన్ చిత్రంలో అభిమానులు ఇప్పటికీ తలుచుకునే పొరపాటు అక్కడే ఉంది. స్టాక్ ఎక్స్ఛేంజి మీద దాడి పట్టపగలు జరుగుతుంది. దొంగలు నడుపుతున్న కంప్యూటర్ ప్రోగ్రాం పూర్తికావడానికి ఇంకా ఎనిమిది నిమిషాలు కావాలని ఒకడు చెబుతాడు. మోటారు సైకిళ్ల మీద పారిపోయి, ఒక సొరంగంలో దూరి బయటకు వచ్చేసరికి నగరమంతా చీకటి. 'బ్యాట్‌మ్యాన్ ఊరైన గోథమ్‌లో పొద్దు గుంకడానికి ఎనిమిది నిమిషాలు చాలు, అందుకే ఆయనకు ఓవర్‌టైం ఎక్కువ' అన్నామంటే, ఆ జోకు నిలబడేది సినిమాయే చెప్పిన ఆ ఎనిమిది నిమిషాల లెక్క మీద. ఆ లెక్క గమనించకుండా 'పగలు రాత్రయిపోయింది' అని మాత్రమే అంటే సగం బలం పోతుంది.

తెర మీద అంకె కనిపించినప్పుడల్లా రాసిపెట్టుకోవడం మంచిది. 'స్పైడర్ మ్యాన్: హోమ్‌కమింగ్' 2017లో విడుదలైంది. అందులో 2012 నాటి 'ది అవెంజర్స్' సినిమాలోని న్యూయార్క్ యుద్ధం తర్వాత శిథిలాలు ఎత్తే దృశ్యం మొదట వస్తుంది, ఆ వెంటనే 'ఎనిమిదేళ్ల తర్వాత' అని తెర మీద పడుతుంది. అంటే కథ 2020లో జరగాలి. కానీ ఆ కథ జరిగేది 2016 నాటి 'కెప్టెన్ అమెరికా: సివిల్ వార్' సినిమాలోని సంఘటనలు ముగిసిన కొద్ది నెలలకే. ఇది చిన్న కూడిక మాత్రమే, అయినా కోట్ల మంది చూసిన సినిమాలో దాటిపోయింది. తర్వాత ఈ సినిమాలు తీసే మార్వెల్ సంస్థ దర్శకులే ఆ అంకె తప్పని ఒప్పుకున్నారు.

అన్నిటికన్నా పండే జోకులు సినిమా తన నోటితో చెప్పిన నియమాన్ని తానే మరిచిపోయినచోట పుడతాయి. 2015 నాటి 'యాంట్ మ్యాన్' చిత్రంలో శాస్త్రవేత్త హ్యాంక్ పిమ్, మనిషిని చీమంత చేసే తన 'పిమ్ కణాల' గుట్టు విప్పుతూ, అణువుల మధ్య దూరం తగ్గుతుందే తప్ప బరువు తగ్గదన్నట్టు చెబుతాడు. చీమంత మనిషి గుద్దితే పెద్ద మనిషి ఎగిరిపడటానికి కారణం అదే కాబట్టి ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు. కానీ ఆ బరువుతోనే హీరో చీమ వీపు మీద ఎక్కి ఎగురుతాడు, పిమ్ గారేమో నిజమైన యుద్ధ ట్యాంకును బొమ్మంత చేసి తాళాల గుత్తికి తగిలించుకుని తిరుగుతుంటారు. పదుల టన్నుల బరువు జేబులో వేసుకుని తిరిగే మనిషిని చూశాక అడగవలసిన ప్రశ్న ఒక్కటే: 'ఆ ప్యాంటు కుట్టిన దర్జీ ఎవరండీ?' అణుశాస్త్రం గురించి ఒక పేజీ రాసినా ఈ ఒక్క ప్రశ్నకు సాటి రాదు, ఎందుకంటే ఇందులో అసాధ్యమైన శక్తి ప్యాంటు జేబు అనే మామూలు వస్తువును తాకింది. మన దగ్గర 2024 సంక్రాంతికి వచ్చిన 'హను-మాన్'లోనూ ఇలాంటి స్పష్టమైన నియమం ఉంది. హీరోకు బలాన్నిచ్చే మణి సూర్యకాంతిలో పనిచేస్తుంది. అలాంటి నియమం తెలిశాక ప్రతి పోరాటంలోనూ ఎండ ఎటు నుంచి పడుతోందో చూడటం శ్రద్ధగల ప్రేక్షకుడికి అలవాటైపోతుంది.

ఒకే వస్తువును పట్టుకుని ఎంత దూరం వెళ్లవచ్చో చూపడానికి థోర్ సుత్తిని మించిన ఉదాహరణ నాకు కనిపించదు. అర్హత ఉన్నవాడు తప్ప మరొకడు దాన్ని ఎత్తలేడు. 2012 'ది అవెంజర్స్'లో హల్క్ దాన్ని పట్టి లాగితే కాళ్ల కింద నేల పగులుతుంది గానీ సుత్తి కదలదు. ఇక్కడ చాలామంది చూడని సంగతి ఏమిటంటే, ఆ పోరాటం జరిగేది ఆకాశంలో ఎగురుతున్న హెలీకేరియర్ అనే నౌకలో. హల్క్ ఎత్తలేని సుత్తిని ఆ నౌక మోసుకుంటూ ఎగురుతోంది. 2013 నాటి 'థోర్: ది డార్క్ వరల్డ్'లో థోర్ లండన్‌లోని తన ప్రేయసి జేన్ ఇంటికి వచ్చి, వానకోటు తగిలించినంత తేలికగా సుత్తిని గుమ్మం పక్కన కోట్ల కొక్కేనికి వేలాడదీస్తాడు. 'హల్క్ వల్ల కానిది మేకు వల్ల అయింది' అని అభిమానులు మురిసిపోయారంటే ఆశ్చర్యం లేదు. 2015 'ఏజ్ ఆఫ్ అల్ట్రాన్' చివర్లో కెప్టెన్ అమెరికా, టోనీ స్టార్క్ ఇదే చర్చ పెట్టుకుంటారు: సుత్తిని లిఫ్టులో పెడితే లిఫ్టు పైకి వెళుతుంది కదా, అంటే లిఫ్టుకు అర్హత ఉన్నట్టా? అభిమానులు వేసుకునే ప్రశ్న పాత్రల నోటికే వచ్చింది. అదే చిత్రంలో అందరూ సుత్తి ఎత్తడానికి ప్రయత్నించే విందు దృశ్యాన్ని రెండోసారి చూసేవారికి మరొకటి దొరుకుతుంది. కెప్టెన్ లాగినప్పుడు సుత్తి రవ్వంత కదులుతుంది, థోర్ ముఖంలోని నవ్వు ఒక్క క్షణం ఆరిపోతుంది. నాలుగేళ్ల తర్వాత 2019 'ఎండ్‌గేమ్'లో కెప్టెన్ దాన్ని ఎత్తినప్పుడు థియేటర్లు ఎందుకు ఊగిపోయాయో ఆ క్షణాన్ని గమనించినవారికి ఇంకా బాగా తెలుసు. కాబట్టి కంటికి తప్పిపోయిన ప్రతి సంగతీ పొరపాటు కాదు. కొన్ని కావాలనే దాచి పెట్టినవి. ఏది ఏమిటో తేల్చుకున్నాకే నోరు విప్పాలి.

లెక్క చేతనైనవారు లెక్క వేయాలి, దానికి ఇంటర్ ఫిజిక్సు సరిపోతుంది. 1978 నాటి 'సూపర్‌మ్యాన్'లో హెలికాప్టర్ నుంచి జారిపడిన లోయిస్ లేన్‌ను హీరో గాలిలో పట్టుకుంటాడు. గాలి నిరోధాన్ని పక్కన పెడితే సూత్రం చాలా సులువు: పడిన దూరాన్ని ఆగడానికి పట్టిన దూరంతో భాగిస్తే, శరీరం మీద భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల త్వరణం పడుతుందో వస్తుంది. వంద మీటర్లు పడిన మనిషి, అంటే గంటకు సుమారు 160 కిలోమీటర్ల వేగం అందుకున్న మనిషి, హీరో చేతుల్లో అర మీటరులో ఆగితే అది 200 రెట్లు. ఉక్కు మనిషి చేతులు ఫుట్‌పాత్ కన్నా మెత్తగా ఉంటాయన్న భరోసా లేదు కాబట్టి, కాపాడటానికీ కాపాడకపోవడానికీ తేడా లేకుండా పోతుంది. ఆమెతో పాటే కిందికి దిగుతూ యాభై మీటర్ల మేర నెమ్మదించుకుంటూ వస్తే మాత్రం రెండు రెట్లతో సరిపోతుంది, ఆమె జుట్టు చెదరడం తప్ప ఏమీ కాదు. ఈ విషయాన్ని కామిక్సు రచయితలు ఎప్పుడో 1973లోనే గుర్తించారు. 'ది అమేజింగ్ స్పైడర్ మ్యాన్' 121వ సంచికలో వంతెన మీద నుంచి పడుతున్న తన ప్రేయసి గ్వెన్ స్టేసీని స్పైడర్ మ్యాన్ సాలెదారంతో పట్టుకుంటాడు. ఆమె బతకదు. ఉన్నట్టుండి ఆగిపోవడమే కారణమని సూచిస్తూ ఆ బొమ్మలో చప్పుడును తెలిపే ఒక చిన్న మాట మాత్రం వేశారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించే జేమ్స్ కకాలియోస్ ఈ ఘట్టాన్నే పాఠంగా చెప్పారు. దీన్ని తలుచుకునేటప్పుడు నవ్వు కాస్త తగ్గించుకోవాలి, అది అభిమానులను నిజంగా బాధపెట్టిన కథ.

స్థానికంగా తెలిసిన విషయాలు మరొక బలం. 'ది డార్క్ వరల్డ్'లోనే థోర్ లండన్ భూగర్భ రైలెక్కి గ్రీనిచ్‌కు ఎలా వెళ్లాలని అడిగితే మూడు స్టేషన్లే అంటారు. అతడు ఎక్కిన ఛారింగ్ క్రాస్ స్టేషన్ నుంచి అలా కుదరదని లండన్ వాసులు వెంటనే పట్టేశారు. 'ది డార్క్ నైట్ రైజెస్'లో బ్యాట్‌మ్యాన్ అయిన బ్రూస్ వేన్ పాతాళపు చెర నుంచి బయటపడి నేల మీద నిలబడిన దృశ్యాన్ని జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోట దగ్గర తీశారు. కథలో ఆ చోటు రాజస్థాన్ కాకపోయినా, చేతిలో రూపాయి గానీ పాస్‌పోర్టు గానీ లేని మనిషి అక్కడి నుంచి గోథమ్ దాకా ఏ రైలెక్కి వెళ్లాడో అడిగే హక్కు భారతీయ ప్రేక్షకుడికి ఉందనే నా అభిప్రాయం.

జోకు బయటపెట్టే ముందు సరిచూసుకోవడం తప్పనిసరి. తెలుగు డబ్బింగులో చూసినవారు మాట మీద జోకు వేయదలిస్తే మూలంలో ఆ మాట ఏమిటో ఒకసారి వినాలి. పెదవుల కదలికకు సరిపడేలా డైలాగు మార్చడం డబ్బింగు రచయిత పని, ఆ మార్పును దర్శకుడి పొరపాటుగా లెక్కకట్టడం అన్యాయం. వాట్సాప్‌లో తిరిగే స్క్రీన్‌షాట్‌ను నమ్మకుండా సినిమాలో ఆ నిమిషానికి వెళ్లి స్వయంగా చూడాలి. మరో విషయం, ఈరోజు తప్పుగా కనిపించింది రేపు కథలో భాగం కావచ్చు. 2011 'థోర్'లో అతడి తండ్రి ఓడిన్ ఖజానాలో, విలన్ థానోస్ ఆయుధమైన ఇన్ఫినిటీ గాంట్లెట్ లాంటి చేతి తొడుగు ఒకటి ఓ మూల కనిపిస్తుంది. తర్వాత థానోస్ చేతికి వేరే తొడుగు రావడంతో, అది కుడిచేతిది, ఇది ఎడమచేతిది, మొత్తం ఎన్ని ఉన్నాయంటూ ఏళ్లపాటు వాదనలు నడిచాయి. 2017 'థోర్: రాగ్నరాక్'లో థోర్ అక్క హేలా ఆ ఖజానాలోకి నడిచి వచ్చి, అది నకిలీదని ఒక్క మాటతో తేల్చి కింద పడేస్తుంది. అభిమానుల పట్టుదలకు నిర్మాతలు ఇచ్చిన గౌరవంగానే నేను దీన్ని చూస్తాను.

తప్పు పట్టడం సగం పని మాత్రమే, దానికి సమాధానం కూడా కట్టగలిగినవాడే నిజమైన అభిమాని. ఈ సంప్రదాయం 1964 నుంచే ఉంది. మార్వెల్ కామిక్సులో పొరపాట్లు ఎత్తిచూపిన పాఠకులకు అక్కడి సంపాదకుడు, రచయిత స్టాన్ లీ 'నో-ప్రైజ్' (లేని బహుమతి) ప్రకటించేవారు. కాలక్రమంలో అది, పొరపాటులా కనిపించేది నిజానికి ఎందుకు పొరపాటు కాదో తెలివిగా వివరించినవారికి దక్కే గౌరవంగా మారింది. 1967 నుంచి గెలిచినవారికి ఒక కవరు పోస్టులో వచ్చేది, అందులో ఏమీ ఉండేది కాదు. ఆ ఖాళీ కవరును అపురూపంగా దాచుకున్నవారు ఉన్నారు. స్టాన్ లీ స్వయంగా హల్క్‌గా మారే బ్రూస్ బ్యానర్ పేరును పొరపాటున బాబ్ బ్యానర్ అని రాసినప్పుడు, అతడి పూర్తి పేరు రాబర్ట్ బ్రూస్ బ్యానర్ అని సర్ది చెప్పారు. నేటికీ హల్క్ అసలు పేరు అదే. కోటు కొక్కెం సమస్యకూ ఇలాంటి సమాధానం కట్టవచ్చు: సుత్తి మీది మంత్రం అడ్డుకునేది ఎత్తాలని సంకల్పించేవాడిని, మోసే వస్తువుకు సంకల్పం లేదు, అందుకే నేల, నౌక, లిఫ్టు, కొక్కెం అన్నీ దాన్ని మోస్తాయి. ఇలా సమాధానం చేర్చిన జోకును వినేవారు తమ వంతుగా మరో ప్రశ్న కలుపుతారు, మాట పెరుగుతుంది.

రాసేటప్పుడు పొట్టిగా రాయాలి. దృశ్యం ఒక వాక్యంలో, ప్రశ్న మరో వాక్యంలో ఉంటే చాలు, వివరణకు మూడో వాక్యం అవసరమైందంటే ఎంచుకున్న సంగతి బలంగా లేదని అర్థం. మీమ్ చేస్తే బ్రహ్మానందం గారి ముఖం ఒక్కటే సగం మాట చెప్పేస్తుంది, కాబట్టి ఆ ముఖంలో ఉన్న భావాన్నే కింద మళ్లీ అక్షరాల్లో రాయనక్కర లేదు. మనుషుల మీదకు మాత్రం వెళ్లకూడదు. 2017 'జస్టిస్ లీగ్'లో కొన్ని దృశ్యాలు మళ్లీ తీసే సమయానికి సూపర్‌మ్యాన్ వేషధారి హెన్రీ కావిల్ మరో చిత్రం కోసం మీసం పెంచి ఉన్నాడు, దాన్ని కంప్యూటర్లో తీసివేయడంతో పై పెదవి వింతగా కనిపించింది. 'మీసం తీసేశాక హీరో బలం తగ్గిందని మా ఊళ్లో అందరికీ ముందే తెలుసు' అంటే అది సినిమా మీద వేసిన జోకు, ఎవరికీ నొప్పి కలగదు. గడువు తరుముతుండగా రాత్రింబవళ్లు కూర్చుని ఫ్రేము ఫ్రేమూ చెరిపిన గ్రాఫిక్స్ కళాకారులను చేతకానివారనడం వేరు, దానికి నేను ఎప్పుడూ ఒప్పుకోను.

కొత్త సినిమా అయితే కనీసం రెండు వారాంతాలు ఆగి, కథ బయటపడని సంగతులతో మొదలుపెట్టడం మేలు. చివరి అరగంటలోని జోకులను ఓటీటీలోకి వచ్చేదాకా నోట్సులోనే ఉంచుకుని, నిమిషం, సెకను పక్కనే రాసిపెట్టుకుంటే, ఎవరైనా కాదన్నప్పుడు వెంటనే తెరిచి చూపించవచ్చు.