పడిపోయిన బిల్డర్ షేరు కొనే ముందు వేయాల్సిన లెక్కలు

300 రూపాయల షేరు 30కి దిగిందంటే ‘ఇంకెంత పడుతుందిలే’ అనిపిస్తుంది. 30 దగ్గర కొన్నది 3కి పడితే మీ డబ్బులో పోయేది మళ్ళీ 90 శాతమే. పాత గరిష్ఠ ధర నుంచి ఎంత తగ్గిందన్నది ఈ రంగంలో చవకదనానికి కొలమానం కాదు.

2008 జనవరిలో పెద్ద బిల్డర్ కంపెనీల్లో డీఎల్‌ఎఫ్ 1,200 పైన, యూనిటెక్ 500 పైన ఉన్నాయి. 2009 తొలి నెలల్లో మొదటిది 150 లోపుకి, రెండోది 30 దరిదాపులకి పడ్డాయి. ఆ రోజు చార్టు చూసిన చిన్న మదుపరికి రెండూ ఒకేలా కనిపించి ఉంటాయి. డీఎల్‌ఎఫ్‌కు గురుగ్రామ్ ఆఫీసు భవనాల నుంచి నెలనెలా అద్దెలు వచ్చేవి. యూనిటెక్ టెలికాం లైసెన్సుల్లోకి కూడా దిగింది. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రద్దు చేసిన 122 లైసెన్సుల్లో దాని టెలికాం సంస్థవీ ఉన్నాయి. 2020 జనవరిలో యూనిటెక్ యాజమాన్యం కోర్టు అనుమతితో కేంద్రం నియమించిన బోర్డు చేతికి వెళ్ళింది. దానికి ముందే షేరు రూపాయి లోపు చూసింది. నిలదొక్కుకున్న డీఎల్‌ఎఫ్ సంగతి చూసినా, 2007లో 525 చొప్పున ఐపీఓలో కొన్నవారు 2008లో కోల్పోయిన ఆ ధరను మళ్ళీ చూసింది 2023లో. కంపెనీ బతుకుతుందా, బతికాక అందులో మీ వాటా ఎంత మిగులుతుంది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. కింది లెక్కలన్నీ ఈ రెంటి కోసమే.

ముందు కాగితాలు

బీఎస్‌ఈ లేదా ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లో కంపెనీ పేజీ తెరిచి తాజా వార్షిక నివేదిక, గత నాలుగు త్రైమాసికాల ఇన్వెస్టర్ ప్రెజెంటేషన్లు, షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్ దించుకోండి. స్టాండలోన్ (మాతృసంస్థ ఒక్కదానివే) అంకెలు పక్కన పెట్టి కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీలు కలిపినవి) చూడండి. బిల్డర్లు ఒక్కో ప్రాజెక్టును ఒక్కో అనుబంధ కంపెనీలో పెడతారు, అప్పు చాలావరకు అక్కడే దాగి ఉంటుంది. జాయింట్ వెంచర్ల అప్పు కన్సాలిడేటెడ్‌లో కూడా కలవకపోవచ్చు. దానికి మాతృసంస్థ ఇచ్చిన గ్యారంటీలు ‘కంటింజెంట్ లయబిలిటీస్’ (మీద పడవచ్చు, పడకపోవచ్చు అనే బాధ్యతలు) నోట్‌లో దొరుకుతాయి.

ఒక్కటే చదివే ఓపిక ఉంటే క్రెడిట్ రేటింగ్ నోట్ చదవండి. క్రిసిల్, ఇక్రా, కేర్, ఇండియా రేటింగ్స్ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతుంది. అందులో లిక్విడిటీ అనే భాగం ఉంటుంది. వచ్చే ఏడాదిలో కట్టాల్సిన అప్పు, చేతిలో ఉన్న నగదు గురించి బ్రోకర్ల ఇరవై పేజీల నివేదికల కంటే అక్కడి నాలుగు వాక్యాలు ఎక్కువ చెబుతాయి. రేటింగ్ పక్కన ‘ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్’ అని ఉంటే కంపెనీ ఏజెన్సీకి లెక్కలు ఇవ్వడం మానేసిందని అర్థం. అప్పులిచ్చేవాళ్ళు చదివే ఏజెన్సీకే ఇవ్వని లెక్కలు మీకు నిజాయితీగా చెబుతుందని ఆశించలేం.

లాభం పాతది, పీఈ నమ్మకండి

2018 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఇండ్ ఏఎస్ 115 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం, ఇళ్ళు కట్టే చాలా కంపెనీలు ఫ్లాట్ పూర్తయి కొనుగోలుదారుకు అప్పగించే దశలోనే ఆదాయం చూపిస్తాయి. అంటే ఈ త్రైమాసికంలో కనిపించే లాభం మూడు నాలుగేళ్ళ క్రితం, మార్కెట్ ఊపు మీద ఉన్నప్పుడు బుక్ అయిన ఫ్లాట్లది. అమ్మకాలు ఆగిపోయిన ఏడాదిలోనే రికార్డు లాభం రావచ్చు. పీఈ (ఒక్కో షేరు మీద లాభానికి ధర ఎన్ని రెట్లన్నది) 5 అని స్క్రీనర్‌లో కనిపించి ఉత్సాహపడేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

బుకింగుల విలువను కూడా అలాగే మింగకండి. పది శాతం కట్టి ఇల్లు స్వాధీనమయ్యేదాకా మిగతాది కట్టనక్కర్లేని స్కీముల్లో బుకింగ్ ఘనంగా, వసూలు పలచగా ఉంటుంది. చూడాల్సింది ప్రెజెంటేషన్‌లో ‘కలెక్షన్స్’ అని వేసే అంకె. బుకింగులు పెరుగుతూ నాలుగు త్రైమాసికాలుగా వసూళ్ళు కదలకపోతే, అమ్మకాల నాణ్యత బాగోలేనట్టే. రద్దయిన బుకింగులు తీసేశాక వచ్చిన అంకా, తీయకముందుదా అన్నది ఫుట్‌నోట్‌లో చూడండి. అక్కడ లేకపోతే కంపెనీ ఇన్వెస్టర్ రిలేషన్స్ విభాగానికి ఈమెయిల్ పెట్టి అడగొచ్చు.

నగదు ఎన్నాళ్ళు వస్తుంది

ఇదే అసలు లెక్క. ఊహాత్మక కంపెనీ ఒకటి తీసుకుందాం. త్రైమాసికానికి వసూళ్ళు 180 కోట్లు. నిర్మాణ ఖర్చు 130, జీతాలు, పన్నులు, ఇతర ఖర్చులు 25, కట్టిన వడ్డీ 60. మొత్తం 215. అంటే ప్రతి మూడు నెలలకూ 35 కోట్లు, ఏడాదికి 140 కోట్లు లోటు. దాని మీద వచ్చే 12 నెలల్లో తీర్చాల్సిన అసలు 400 కోట్లు. కావాల్సింది 540 కోట్లు.

బ్యాలన్స్ షీటులో నగదు 150 కోట్లు ఉందనుకోండి. అంతా వాడుకునేది కాదు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం కొనుగోలుదారుల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టుకే కేటాయించిన ప్రత్యేక ఖాతాలో ఉండాలి. పని జరిగిన మేరకు ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫై చేశాకే భూమి, నిర్మాణ ఖర్చుల కోసం అందులోంచి తీయాలి. గ్రూపు అప్పుల వాయిదాలకు దాన్ని మళ్ళించడానికి లేదు. 150లో 110 అలాంటి ఖాతాల్లో ఉంటే చేతిలో ఉన్నది 40. కొరత 500 కోట్లు.

వడ్డీ దగ్గర పెద్ద బురిడీ ఒకటి ఉంది. లాభనష్టాల పట్టికలో వడ్డీ 15 కోట్లే కనిపించవచ్చు, మిగతా 45 కోట్లను ప్రాజెక్టు ఖర్చుగా ఇన్వెంటరీలో కలిపేస్తారు. అది నిబంధనలకు లోబడినదే, మోసం కాదు. కానీ ఆ 15తో లెక్కగట్టిన వడ్డీ కవరేజీ (లాభం వడ్డీకి ఎన్ని రెట్లన్నది) ఎంత బాగున్నా పనికిరాదు. క్యాష్ ఫ్లో పట్టికలో ఫైనాన్సింగ్ భాగంలో ‘ఫైనాన్స్ కాస్ట్స్ పెయిడ్’ వరుస చూడండి, నిజంగా బయటికి వెళ్ళిన డబ్బు అక్కడ ఉంటుంది. ఈ పట్టిక ఆరునెలలకోసారి వస్తుంది. సెప్టెంబరుది ఆరు నెలలది కాబట్టి రెండుతో, మార్చిది ఏడాది మొత్తానిది కాబట్టి నాలుగుతో భాగించి త్రైమాసికానికి తెచ్చుకోండి.

నిర్మాణ ఖర్చు తగ్గించి లోటు పూడుస్తామని యాజమాన్యం చెబితే నమ్మకండి. మన దగ్గర ఎక్కువ ఫ్లాట్లకు వాయిదాలు పని దశను బట్టి పడతాయి. పునాదికి ఇంత, ఫలానా శ్లాబుకి ఇంత. శ్లాబు పడకపోతే డిమాండ్ లెటర్ వెళ్ళదు, బ్యాంకు కొనుగోలుదారుడి గృహరుణంలో తర్వాతి విడత వదలదు, వసూలు ఆగిపోతుంది. వసూలు ఆగితే సిమెంటు, ఇనుము వాళ్ళకు చెల్లింపులు ఆగుతాయి, తర్వాతి శ్లాబు ఇంకా వెనక్కి పోతుంది. సైటులో పని ఆగిందో లేదో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ప్రాజెక్టు తెలంగాణలో ఉంటే తెలంగాణ రెరా, ఆంధ్రలో ఉంటే ఏపీ రెరా వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ నంబరుతో వెతకండి. ప్రమోటర్ మూడు నెలలకోసారి పని వివరాలు అక్కడ పెట్టాలి. గడువు తేదీ ఎన్నిసార్లు జరిగిందో, చివరి అప్‌డేట్ ఎప్పటిదో చూస్తే చాలు.

ఒక మాట. గచ్చిబౌలిలో గజం ధర తెలిసినంత మాత్రాన ఈ షేర్లు తెలిసినట్టు కాదు. మై హోమ్, అపర్ణ లాంటి హైదరాబాద్ పెద్ద బిల్డర్లు అసలు లిస్ట్ కాలేదు. లిస్టయిన పెద్ద పేర్ల వ్యాపారం ఎక్కువగా ముంబై, ఢిల్లీ పరిసరాలు, బెంగళూరుల్లో ఉంటుంది. ఏ నగరంలో ఎన్ని చదరపుటడుగులు అమ్ముడుపోకుండా ఉన్నాయో ఆ నగరం లెక్కలే చూడాలి.

భూమి విలువ, అప్పు

మన కంపెనీకి 20 కోట్ల షేర్లు, ధర 30. అంటే మార్కెట్ విలువ 600 కోట్లు. అప్పు 1,400, నగదు తీసేస్తే 1,250. భూమి, కట్టడాలు కలిపి వ్యాపారం మొత్తానికి మార్కెట్ కట్టిన ధర 1,850 కోట్లన్నమాట. ఆస్తుల విలువ 20 శాతం తగ్గితే 370 కోట్లు పోతాయి. అప్పు మాత్రం ఒక్క రూపాయి తగ్గదు. వాటాదారులకు మిగిలేది 230 కోట్లు, షేరుకు 11.50. ఆస్తి 20 శాతం పడితే షేరు 60 శాతం పైగా పడింది.

అందుకే పుస్తక విలువకు (లెక్కల్లో చూపిన ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేదానికి) సగం ధరలో దొరుకుతోందన్న వాదన ఇక్కడ నిలబడదు. ఇన్వెంటరీని ఖర్చు, అమ్మితే చేతికొచ్చే విలువ ఈ రెండిట్లో తక్కువదాని దగ్గర చూపాలి. అమ్మితే ఎంతొస్తుందన్నది యాజమాన్యం అంచనా. నోట్స్‌లో ‘భూమి కోసం అడ్వాన్సులు’, ‘ఇంటర్ కార్పొరేట్ డిపాజిట్లు’ అన్న వరుసల్లో ఎంత ఉందో, అవి ఎన్నేళ్ళుగా కదలకుండా ఉన్నాయో చూడండి. రిజిస్ట్రేషన్ కాని భూమికి ఇచ్చిన అడ్వాన్సు, ప్రమోటర్ బంధువర్గ కంపెనీకి ఇచ్చిన డిపాజిట్ నా లెక్కలో సున్నా. మొండిగా అనిపించినా మందగమనంలో ఇదే సరైన పద్ధతి. ఆడిటర్ నివేదికలో గోయింగ్ కన్సర్న్ (కంపెనీ కొనసాగగలదా అన్నది) గురించి ‘మెటీరియల్ అన్‌సర్టెనిటీ’ పేరా ఉందా, అనుబంధంలో బ్యాంకు బాకీల ఎగవేత జాబితా ఉందా అన్నదీ అప్పుడే చూసేయండి.

తాకట్టులో ప్రమోటర్ షేర్లు

సత్యం ఉదంతం మనవాళ్ళు మరచిపోలేదు. 2008 డిసెంబరులో ప్రమోటర్ రామలింగరాజు కుటుంబానివైన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను సత్యంతో కొనిపించే ప్రయత్నం ఒక్కరోజులో బెడిసికొట్టింది. ఆ తర్వాత ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్లను అప్పులిచ్చినవాళ్ళు అమ్మేశారు. తాకట్టు వివరాలు బయటపెట్టాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2009 జనవరిలో నిర్ణయించింది దాని తర్వాతే. షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌లో ‘ప్లెడ్జ్‌డ్ ఆర్ అదర్‌వైజ్ ఎన్‌కంబర్డ్’ గడిలో అది ఉంటుంది. శాతం ఎంతన్నదాని కంటే షేరు పడుతుండగా అది పెరుగుతోందా అన్నది ముఖ్యం. ధర తగ్గే కొద్దీ అదే అప్పుకు ఎక్కువ షేర్లు అడుగుతారు. ఇవ్వడానికి ఇంక లేనప్పుడు మార్కెట్లో అమ్మేస్తారు. ఆ రోజు లోయర్ సర్క్యూట్‌లో (ఒక రోజులో ధర పడగలిగే హద్దు దగ్గర) మీ అమ్మకం ఆర్డరు వరుసలో నిలబడి ఉంటుంది, కొనేవాడు ఉండడు.

కొత్త డబ్బు ఎలా వస్తుంది, మీకేమవుతుంది

500 కోట్ల కొరత ఎక్కడినుంచి పూడుతుంది? భూమి అమ్మితే వాటా పలచబడదు, కానీ గడ్డుకాలంలో కొనేవాడూ తక్కువే ఇస్తాడు. క్యూఐపీ అయితే కొత్త షేర్లు అమ్మేది పెద్ద మదుపు సంస్థలకు మాత్రమే, మీకు అవకాశమే రాదు. 2009 ఏప్రిల్‌లో యూనిటెక్ అలా 38.50 చొప్పున షేర్లు అమ్మి 1,600 కోట్లకు పైగా తెచ్చింది. ప్రమోటర్‌కు వారంట్లు (తర్వాత షేర్లు కొనే హక్కు పత్రాలు) ఇచ్చారన్న వార్త వస్తే మరీ సంబరపడకండి. మొదట కట్టేది 25 శాతమే, మిగతాదానికి 18 నెలల గడువు ఉంటుంది.

రైట్స్ ఇష్యూ (ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు ఇవ్వజూపడం) వస్తే మాత్రం మీరు పని చేయాలి. మన కంపెనీ ఒక షేరుకు ఒకటి చొప్పున 22 రూపాయలకు ఇచ్చిందనుకుందాం. వచ్చేది 440 కోట్లు. రైట్స్ తర్వాత సిద్ధాంత ధర 30, 22ల సగటు, అంటే 26. మీ దగ్గర 1,000 షేర్లుంటే డీమ్యాట్‌లో 1,000 రైట్స్ ఎన్‌టైటిల్‌మెంట్లు (ఆ షేర్లు కొనే హక్కులు) పడతాయి, ఒక్కోటి సుమారు 4 రూపాయల విలువ. దరఖాస్తు చేయాలంటే 22,000 పెట్టి నెట్‌బ్యాంకింగ్‌లో అస్బా (కేటాయింపు దాకా డబ్బు మీ ఖాతాలోనే నిలిపి ఉంచే పద్ధతి) ద్వారా చేయండి. వద్దనుకుంటే వాటిని మామూలు షేర్లలాగే అమ్మేయండి. ఆ ట్రేడింగ్ ఇష్యూ ముగిసే తేదీకి ముందే ఆగిపోతుంది. ఏదీ చేయకపోతే అవి రద్దయిపోతాయి, 30,000 విలువ 26,000 అవుతుంది. పోయిన 4,000 మార్కెట్ తప్పు కాదు.

గమనించారా, 440 వచ్చినా కొరతలో ఇంకా 60 కోట్లు మిగిలే ఉన్నాయి. అప్పు తీరి వడ్డీ కొంత తగ్గినా అంత పూర్తిగా పూడదు. అంటే ఏడాదిలోపే మళ్ళీ చేయి చాపుతుంది. రెండో ఇష్యూ ఖాయమనిపించే మొదటి రైట్స్‌లో డబ్బు పెట్టకపోవడమే మంచిది. షేర్లు 40 కోట్లయ్యాక మళ్ళీ 300 ధర రావాలంటే మార్కెట్ విలువ 12,000 కోట్లు కావాలి. పాత 300 దగ్గర అది 6,000 కోట్లే.

దివాలా పిటిషన్ పడ్డాక

దివాలా కేసులు చూసే ఎన్‌సీఎల్‌టీ పిటిషన్‌ను స్వీకరించిందంటే ఆశ వదులుకోవాల్సిందే. దివాలా చట్టం (ఐబీసీ) సెక్షన్ 53లోని చెల్లింపుల వరుసలో ఈక్విటీ వాటాదారులు చిట్టచివర. ఇళ్ళు బుక్ చేసుకున్నవారు 2018 జూన్ ఆర్డినెన్సు నుంచి ఆర్థిక రుణదాతలు, వాళ్ళూ మీకంటే ముందే. ‘పెద్ద గ్రూపు కొంటోందట’ అనే వార్తకు షేరు ఎగురుతుంది, కానీ వాళ్ళు కొనేది కంపెనీని. డీహెచ్‌ఎఫ్‌ఎల్ బిల్డర్ కాదు, గృహరుణ సంస్థ. దాన్ని 2021లో పిరమల్ తీసుకున్నప్పుడు పాత షేర్లకు విలువ సున్నా అని తేల్చి డీలిస్ట్ చేశారు, అంటే ఎక్స్చేంజీల నుంచి తీసేశారు.

ఇవన్నీ దాటి కొనాలనిపిస్తే, మొత్తం పోయినా ఇంటి ఖర్చు కదలని మొత్తమే పెట్టండి. దాన్ని మూడు భాగాలు చేయండి. మొదటి భాగం, వసూళ్ళు వరుసగా రెండు త్రైమాసికాలు ఖర్చు, వడ్డీలను మించాక. రెండోది తాకట్టు తగ్గినట్టు షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌లో కనిపించాక. మూడోది రేటింగ్ పెరిగాక. అట్టడుగు ధర దొరకదు, కొంచెం ఎక్కువకే కొంటారు. వసూళ్ళు మళ్ళీ తగ్గినా, బాకీ కట్టలేదన్న ప్రకటన వచ్చినా, సగటు ధర తగ్గించుకోవడానికి కొనకుండా ఆ రోజే అమ్మేయండి. అప్పు అసలు గానీ వడ్డీ గానీ 30 రోజులు దాటి కట్టకపోతే 24 గంటల్లో ఎక్స్చేంజీకి చెప్పాలని 2020 నుంచి సెబీ నియమం ఉంది కాబట్టి ఆ కంపెనీ పేరుకు అలర్టు పెట్టుకోండి.

నష్టానికి అమ్మితే ఆ ఏడాది రిటర్ను గడువులోపు వేయండి. ఏడాది లోపు హోల్డింగ్ మీద వచ్చిన నష్టం స్వల్ప, దీర్ఘకాలిక లాభాలు రెండిటి మీదా సర్దుబాటవుతుంది, దీర్ఘకాలిక నష్టం దీర్ఘకాలిక లాభం మీదే. మిగిలింది 8 ఏళ్ళు ముందుకు తీసుకెళ్ళవచ్చు. రిటర్ను ఆలస్యమైతే ఆ హక్కు పోతుంది.