ఒక నెల, ఒకే అంచు: పని ఒత్తిడి రోజుల్లో బొమ్మ ఆగకుండా ఉండాలంటే

శనక్కాయ పీకే రోజుల్లోనో, మార్చి లెక్కలప్పుడో బొమ్మ ఆగిపోతే తీరిక లేదనుకుంటాం. గమనించి చూడండి, ఇరవై నిమిషాలు దొరుకుతూనే ఉంటాయి. ఏం వేయాలో తేల్చుకోవడానికి, బ్రష్ వెతకడానికి, పేపరు కోయడానికే అవి పోతాయి. ఈ రెండూ ముందే తేలిపోవాలి: నెలంతా వేసేది ఒకటే, సామానంతా ఒకే డబ్బాలో.

అనంతపురం వైపు వాళ్లకు లేపాక్షి చీర అంచులకు మించిన విషయం లేదు. హిందూపురం నుంచి సుమారు 15 కిలోమీటర్లు. వీరభద్రాలయం నాట్యమండపం కప్పు మీద 16వ శతాబ్దపు విజయనగర చిత్రాలున్నాయి. వాటిలో ఆడవాళ్ల చీరలు మాత్రమే చూడండి: చారలు, గళ్లు, పువ్వులు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు, చుట్టూ నల్లగీత. అంత గొప్ప పనికి ఈ కొన్ని రంగులే సరిపోయాయి, మనకూ సరిపోతాయి. లతామండపం స్తంభాల మీది నగిషీలు కూడా వదలొద్దు. ఒక్క ఆదివారం వెళ్లి, ఫ్లాష్ లేకుండా ఇరవై ఫోటోలు తీసుకుంటే రెండు మూడు నెలలకు వస్తాయి. ఫోను కప్పుకు సమాంతరంగా పట్టుకోవాలి. వంచి తీస్తే అంచు ఒక పక్క సన్నబడి కొలతలు తప్పుతాయి.

డబ్బాలో ఇవి చాలు: 200 జీఎస్‌ఎం (అంటే కాస్త మందపు) పేపరు, ట్రేసింగ్ పేపరు, మామూలు హెచ్‌బీ, మెత్తని 4బీ పెన్సిళ్లు, స్కేలు, 2, 4 నంబర్ల రౌండ్ బ్రష్‌లు, అయిదు పోస్టర్ కలర్లు. నోటుపుస్తకం కాగితం వద్దు, తడి తగిలితే ముడతలు పడుతుంది. ఏ4 షీటును నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి దాదాపు 15 సెంటీమీటర్ల పొడవుంటుంది.

ముక్క మీద 12 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ గీయండి. దాన్ని 3 సెంటీమీటర్లకు ఒకటిగా నాలుగు గళ్లు చేయండి. ఈ లెక్క ముందే చూసుకోకపోతే చివరి పువ్వు సగంలో తెగిపోతుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. తర్వాత ట్రేసింగ్ పేపరు మీద ఒక్క పువ్వే గీసి, వెనకవైపు 4బీతో రుద్ది, గడి మీద పెట్టి అదే గీత మీద మళ్లీ గీస్తూ నాలుగు గళ్లలోనూ దించండి. గీత మరీ నొక్కితే పేపరులో గాడి పడుతుంది, రంగు అందులో చేరి మరకలా కనిపిస్తుంది.

పెన్సిల్ పని ఎక్కడైనా సాగుతుంది: కుక్కర్ కూతలు లెక్కపెడుతూ, బస్టాండులో కూర్చుని. రంగుకు మాత్రం కదలని పది నిమిషాలు కావాలి, తెల్లవారుజామైతే మేలు. ముందు పసుపు, ఆరాక ఎరుపు, చివర నల్లగీత. ఎరుపు తడి ఆరకముందే నలుపు పెడితే పాకుతుంది. రంగు పలచని పెరుగులా ఉండాలి. నీళ్లు ఎక్కువైతే చారలు పడతాయి, మరీ చిక్కగా పూస్తే ఆరాక బీటలిస్తుంది. మన ఎండాకాలంలో ప్లేటులో రంగు చూస్తుండగానే గట్టిపడుతుంది. అందుకే ఫ్యాను ఆపి, ప్లేటు కింద తడిగుడ్డ పరిచి, ఒకసారికి శనగగింజంత రంగే తీసుకోండి.

రోజూ ఒక గడి కావాలనే సగంలో వదిలేయండి. మర్నాడు కూర్చోగానే చెయ్యి ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోదు.

అంచులు విసుగనిపిస్తే ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలు చూడండి. మేకతోలుకు చిల్లులు కొట్టి, వెలుగు దాటేలా నగలు తీర్చుతారు. ఒక హారమో, వడ్డాణమో ఎంచుకుని నల్లపెన్నుతో చుక్కలుగా దించండి. ముందు పెద్ద చుక్కలు, వాటి మధ్య చిన్నవి. రంగు కలిపే పని లేదు కాబట్టి అయిదు నిమిషాలే దొరికిన రోజుకు ఇది సరిగ్గా సరిపోతుంది.