పత్తి, మిర్చి చెట్లు వాడిపోతున్నాయా? మందు కొట్టేముందు చూడాల్సినవి

ఆకు వాడిందంటే దానికి నీళ్లు అందలేదని అర్థం. ఎందుకు అందలేదో తెలియాలంటే వేరు, కాండం చూడాలి. అందుకే మందుల షాపుకు పోయేముందు వాడిన చెట్టును వేర్లతో సహా పీకండి.

సమస్య: పెద్ద వాన తర్వాత పత్తి ఒక్కసారిగా వాలిపోయింది

చేను చాలా రోజులు బెట్టకు వచ్చి, గట్టి వాన పడి, వెంటనే ఎండ కాస్తే మన నల్లరేగడిలో ఇది తరచూ కనిపిస్తుంది. వేర్లు తెల్లగానే ఉంటే తెగులు కాదు.

కారణం: మట్టిలో గాలి ఉండాల్సిన సందుల్లో నీళ్లు నిండాయి. వేరు కణాలకూ ఆక్సిజన్ కావాలి. అది అందకపోతే వాటికి శక్తి చాలదు, కణపొరలో నీళ్లు పోయే దారులు మూసుకుంటాయి. చుట్టూ నీళ్లున్నా చెట్టు తాగలేదు. ఇంకా ఆలస్యమైతే కణపొర పాడై లోపలి లవణాలు బయటికి కారుతాయి, వేరు కుళ్లుతుంది.

మరి పక్క మడిలో వరి ఎట్లా బతుకుతోంది? వరి వేర్లలో కొన్ని కణాలు వాటంతట అవే చనిపోయి గాలికి దారి ఇస్తాయి. ఆ ఖాళీల గుండా పైనుంచి ఆక్సిజన్ వేరుకు దిగుతుంది. కొన్ని కణాల చావు మీదనే ఆ మొక్క బతుకు నిలబడింది. నాకు ఇంతకంటే అద్భుతమైన సంగతి పొలంలో ఇంకోటి కనిపించదు.

పరిష్కారం: ముందు సాళ్ల మధ్య కాలువ తీసి నీళ్లు బయటికి పంపండి. వాడడం కనిపించిన కొద్ది గంటల్లోనే కోబాల్ట్ క్లోరైడ్‌ను 10 లీటర్ల నీళ్లకు 100 మిల్లీగ్రాముల చొప్పున కలిపి పిచికారీ చేయాలి. ఆకులు రాల్చే ఇథిలీన్ తయారీని అది తగ్గిస్తుంది. చెట్టు ఎండిపోయాక కొడితే డబ్బు దండగ.

సమస్య: అడుగు ఆకులు మాత్రమే పసుపు పచ్చబడ్డాయి

పంట చివర్లో అయితే టెన్షన్ వద్దు. ముసలి ఆకు తనలోని నత్రజనిని పైకి పంపి రాలుతుంది. లేత పంటలోనే ఇలా కనిపిస్తే నత్రజని లోపమేమో చూడండి.

సమస్య: వాన లేకున్నా మిర్చి చెట్లు అక్కడక్కడా వాడిపోతున్నాయి

చపాటా అయినా, తేజ అయినా పరీక్ష ఒకటే. మొదలు దగ్గర కాండం కోసి, గ్లాసు నీళ్లలో కోసిన కొన మునిగేలా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి తెల్లటి తీగ దిగితే బ్యాక్టీరియా తెగులు. అది దిగకుండా, నిలువునా చీల్చినప్పుడు గోధుమరంగు చారలుంటే ఫ్యుజేరియం బూజు కావచ్చు. రెండూ నీళ్లు పోయే గొట్టాలనే పూడుస్తాయి.

బూజుకైతే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి చుట్టుపక్కల చెట్ల మొదళ్లలో పోయండి. వచ్చే పంటకు ముందు 2 కిలోల ట్రైకోడెర్మాను (తెగులు బూజును అణిచే మేలు చేసే బూజు) 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో మాగబెట్టి చల్లండి. బ్యాక్టీరియా సోకిన చెట్టును ఏ మందూ బతికించదు. పీకి కాల్చేయండి, కాలువలో మాత్రం పారేయకండి, నీళ్లతో పక్క చేనుకు పాకుతుంది. ఆ చెలకలో టమాట, వంకాయ కాకుండా మక్క గానీ జొన్న గానీ వేయండి. ఏ తెగులో తేలకపోతే ఒక చెట్టును మట్టితో సహా వరంగల్ దగ్గరి మామునూరు కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి.