డ్రైవ్‌లో ఉన్న ఫైలు ఎలా పోయింది? సింక్, బ్యాకప్: సమస్యలు - పరిష్కారాలు

సమస్య: ఫోనులో చోటు లేదని గూగుల్ డ్రైవ్‌లోని ఓ ఫోల్డర్ తీసేశారు. సాయంత్రం ల్యాప్‌టాప్‌లో చూస్తే అక్కడా లేదు.

కారణం: సింక్ తన పని తాను చేసింది. ఒకచోట చేసిన మార్పును మిగతా అన్నిచోట్లా చేయడమే దాని పని. అది కావాలని చేసిందో, పొరపాటున చేసిందో దానికి అనవసరం. విండోస్‌లో వన్‌డ్రైవ్ మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను బ్యాకప్ చేస్తానని అడుగుతుంది కానీ, సరే అంటే అక్కడ జరిగేదీ సింకే. దాన్ని నమ్ముకున్నవాళ్లను నేను తప్పుపట్టను.

పరిష్కారం: బ్రౌజర్‌లో లాగిన్ అయి గూగుల్ డ్రైవ్ ట్రాష్ గానీ, వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్ గానీ చూడండి. సొంత ఖాతాల్లో తీసేసినవి 30 రోజులు ఉంటాయి, ఈలోగా మీరే ఖాళీ చేయకపోతే. అదే ఖాతా ఉన్న ఇంకో కంప్యూటర్‌ను అప్పటినుంచి ఆన్ చేయలేదా? ముందు వైఫై రౌటర్ ఆపేసి, తర్వాత ఆ కంప్యూటర్‌ను ఆన్ చేయండి. ఫోల్డర్ అందులో ఉంటే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాకే మళ్లీ నెట్ ఇవ్వండి. ఫైలు ఉంది కానీ లోపల రాసింది చెరిగిపోయిందంటే వెర్షన్ హిస్టరీ చూడాలి. ఎక్సెల్ లాంటి ఫైళ్లకు గూగుల్ డ్రైవ్ 30 రోజుల వరకో, 100 వెర్షన్ల వరకో పాతవి దాస్తుంది. నెల దాటాక గుర్తొస్తే మాత్రం విడిగా తీసుకున్న బ్యాకప్ ఒక్కటే దిక్కు.

సమస్య: వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో మీ కంపెనీ డేటా తెరుచుకోవడం లేదు.

పలాస-కాశీబుగ్గ వైపు జీడిపప్పు వ్యాపారులకు సీజన్లో ఇది వస్తే ఇక టెన్షనే.

కారణం: డేటా ఫోల్డర్‌ను నేరుగా సింక్ ఫోల్డర్లో పెట్టడం. ట్యాలీ డేటా ఒక్క ఫైలు కాదు, ఒకదానితో ఒకటి ముడిపడిన ఎన్నో ఫైళ్లు. బిల్లులు కొడుతుండగానే సింక్ వాటిని ఒక్కొక్కటిగా పంపుతుంటే, కొన్ని ఫైళ్లు కొత్తవి, కొన్ని పాతవి అయి లెక్క కలవదు. రెండు కంప్యూటర్లలో అదే ఫోల్డర్ తెరిస్తే మరీ ప్రమాదం.

పరిష్కారం: డేటాను సింక్ ఫోల్డర్ బయటికి మార్చండి. రోజూ కొట్టు మూసేముందు ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కి బ్యాకప్ ఎంచుకుని, ఆ రోజు తేదీ పేరుతో ఉన్న ఫోల్డర్లోకి తీయండి. ఆ ఫోల్డర్లను సింక్‌లో పెట్టుకోవచ్చు, అవి మళ్లీ మారవు కాబట్టి. నెలకోసారి ఒక బ్యాకప్‌ను రిస్టోర్ చేసి చూడండి. ఎక్కడికి రిస్టోర్ చేయాలని అడిగినచోట వేరే ఖాళీ ఫోల్డర్ ఇవ్వాలి. అసలు డేటా ఫోల్డర్ ఇచ్చారో, ఇవాళ్టి లెక్కల మీద పాతవి వచ్చి కూర్చుంటాయి.

సమస్య: ఫైలు పేరు కనిపిస్తోంది, పక్కన మేఘం గుర్తు ఉంది. నెట్ లేకపోతే తెరుచుకోదు.

కారణం: ఫైలు మీ దగ్గర లేదు, పేరు మాత్రమే ఉంది. డిస్క్ నిండకుండా సింక్ యాప్ చేసే ఏర్పాటు ఇది. మామూలు రోజుల్లో ఇబ్బంది ఉండదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు భూమి పత్రాల స్కాన్ కావాలంటే ఎక్కడినుంచి తెస్తారు?

పరిష్కారం: వన్‌డ్రైవ్‌లో ముఖ్యమైన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ కంప్యూటర్లోనే ఉంచు అన్న ఆప్షన్ ఎంచుకోండి. గూగుల్ డ్రైవ్ యాప్‌లో స్ట్రీమ్ (ఫైళ్లు నెట్‌లోనే) బదులు మిర్రర్ (కంప్యూటర్లోనూ కాపీ) పెట్టుకోవచ్చు. తుపాను హెచ్చరిక వచ్చాక కాదు, ఇప్పుడే.

సమస్య: వైరస్ ఫైళ్లన్నిటికీ తాళం వేసింది. బ్యాకప్ డిస్క్‌లోవీ పోయాయి.

కారణం: డిస్క్ ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంది. ఇలా తాళం వేసి డబ్బడిగే వైరస్‌కు, అంటే రాన్సమ్‌వేర్‌కు, అది ఇంకో డ్రైవ్, అంతే. పిడుగుపాటుకు కరెంటు పోటెత్తినా రెండూ ఒక్కసారే కాలతాయి.

పరిష్కారం: రెండు డిస్కులు వంతులవారీగా వాడండి. కాపీ అయ్యాక తీసేయండి. మీరు శ్రీకాకుళంలో ఉంటే ఒకటి విజయనగరంలో అక్కగారింట్లో ఉంచి, పండక్కి వెళ్లినప్పుడు మార్చుకోండి. అయితే 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను రెండు జిల్లాలనూ కొట్టింది. అందుకే ఒక కాపీ క్లౌడ్‌లోనూ, అంటే గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటిచోటా ఉండాలి.

సమస్య: పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కడం లేదు, చోటు మాత్రం ఉంది.

అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంది, 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. లోపలున్నవి వేరేచోట పెట్టుకుని ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేయండి.

సమస్య: కొత్త ఫైళ్లు క్లౌడ్‌కి చేరడం లేదు.

గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, ఫోటోలు, డ్రైవ్ మూడూ ఉంటాయి. అది నిండితే సింక్ ఆగుతుంది. టాస్క్‌బార్‌లోని సింక్ యాప్ గుర్తు మీద వారానికోసారి నొక్కి చూడండి.

సమస్య: అన్నీ క్లౌడ్‌లో భద్రంగా ఉన్నాయి, లాగిన్ కాలేకపోతున్నారు.

కారణం: ఫోను కూడా పోయింది, ఓటీపీ ఎక్కడికీ రాదు.

పరిష్కారం: గూగుల్ ఖాతాలో రెండంచెల భద్రత పెట్టుకున్నవారికి సెక్యూరిటీ విభాగంలో బ్యాకప్ కోడ్లు దొరుకుతాయి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని ప్రింట్ తీసి బ్యాంకు పాస్‌బుక్కులున్న బీరువాలో పెట్టండి. డ్రైవ్‌లో మాత్రం పెట్టకండి.